నూలున్నర తేడా

"ఇప్పుడు పది ఇరవై. నాలుగింటికి మిమ్మల్ని కోర్టుకి తీసుకెళ్తారు. ఈలోపు నిజం చెప్పండి తాతా," అంది డిటెక్టివ్ భూతద్దం.

"చెప్పేశానుగా అమ్మాయ్. దొంగసొత్తని తెలిసే కొన్నాను. సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు కంచు తాత.

పోలీస్ స్టేషన్ వెనక గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో ఒక కంచు వస్తువు. అది పాత చెక్క పడవకి ముందు కొసన బిగించే దీపపు దిమ్మె. అడుగు పొడవుంటుంది. ఇలాంటివాటిని చూసి ఏ కంపెనీది, ఏ ఏటిది, ఏ రకం పడవది అని చెప్పగలిగినవాళ్లు ఆ చుట్టుపక్కల ఇద్దరే ఇద్దరు. ఒకరు బల్లకి ఇటు, ఒకరు అటు కూర్చున్నారు. యాభై ఏళ్లుగా పాత పడవల సామాను ఎక్కడెక్కడివో వెతికి తెచ్చి అమ్ముతున్న తాత ముద్దాయి. ఆయన కొట్టు గడప మీద కూర్చుని ఆ విద్య నేర్చుకుని, దానితోనే డిటెక్టివ్ అయి, అందరిచేతా భూతద్దం అనిపించుకున్న ఆవిడ సాక్షి. తాతని ఆ కుర్చీలో కూర్చోబెట్టిన ఘనత కూడా ఆవిడదే.

సంగతి ఇదీ. ఒక పళ్ల డాక్టరు శనివారం సాయంత్రం ఆరింటికి తన పడవ ఉన్న షెడ్డుకి తాళం వేశాడు. ఆదివారం పొద్దున ఏడింటికి వచ్చి చూస్తే తాళం విరిగి ఉంది, పడవ ముక్కు మీద దీపం లేదు. గురువారం నాడు అచ్చం అలాంటి దీపమే తాత కొట్టులో దొరికింది. దిమ్మె అడుగున 417 అనే అంకె ఉంది. డాక్టరు దగ్గరున్న పాత కాగితాల్లోనూ అదే అంకె. ఇన్సూరెన్స్ వాళ్లు ఫోటోలు పంపి అడిగితే భూతద్దం రెండు వాక్యాల్లో తేల్చిపారేసింది. అంకెలు ఒకటే, కాబట్టి వస్తువూ ఒకటే. ఆమె పడవ దగ్గరికి వెళ్లలేదు, వస్తువుని చేత్తో పట్టుకోలేదు. ఆ వారం పని ఎక్కువగా ఉందని సరిపెట్టుకుంది. పని కాదు, పొగరు ఎక్కువగా ఉందనాలి.

ఈ పొద్దున కోర్టు కోసం పాత ఫోటోలు సర్దుతుంటే నిరుడు తానే తీసిన ఫోటో ఒకటి బయటపడింది. వేరే పడవ, వేరే యజమాని. దిమ్మె అడుగున అంకె మాత్రం 417. అది చూడగానే ఆమెకి తల కొట్టేసినట్టయింది. చేతిలోని కాఫీ అక్కడే వదిలేసి, చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే స్టేషన్‌కి పరిగెత్తుకొచ్చింది.

"ఈ అంకె పైకి ఉబ్బి ఉంది తాతా. ఉబ్బెత్తు అంకె అచ్చుది. ఆ అచ్చులో పోసిన ప్రతి దిమ్మెకీ అదే వస్తుంది. పోత అయ్యాక పంచ్‌తో కొట్టిన గుంట అంకె ఉంటేనే అది ఫలానా పడవదని చెప్పగలం. నాకు ఇరవై రెండేళ్లప్పుడు మీరు చెప్పిన మొదటి పాఠం ఇది. నేను మర్చిపోయాను, సరే, నాకు బుద్ధి లేదు. మీరు మర్చిపోరుగా? నా రిపోర్టు మీ ముందు చదివినప్పుడు ఒక్క మాట అంటే కేసు అక్కడే ఆగిపోయేది. ఎందుకు ఊరుకున్నారు?"

తాత బల్ల మీది సంచిని కాస్త అవతలికి తోశాడు. "నువ్వు రాశాక నేను కాదంటే ఏం బాగుంటుంది? నలుగురిలో నీ పరువేం కాను?"

"నా పరువు కోసం జైలుకి వెళ్తారా? ఆ ముక్క ఇంటికెళ్లి మామ్మతో చెప్పండి, నమ్ముతుందేమో చూద్దాం. సరే, ఎప్పుడు కొన్నారు దీన్ని?"

"ఆదివారం పొద్దున తొమ్మిదింటికి."

"ఎక్కడ?"

"కొట్లోనే."

"అమ్మింది ఎవరు?"

"ఎవడో. టోపీ పెట్టుకున్నాడు."

"ఆదివారం మీ కొట్టు తలుపు తీసింది ఒంటిగంటన్నరకి. ఎదురు షాపు టైలరు ఎస్సైకి చెప్పాడు. తొమ్మిదింటికి ఆ టోపీవాడు మూసిన తలుపుకి అమ్మాడా?"

తాత కిటికీ వైపు తిరిగాడు. ఆ కిటికీలోంచి కనిపించేది ఎదురు గోడ ఒక్కటే. అప్పుడు చూసింది భూతద్దం, ఆయన కుడిచేతి మీద మోచేతి దాకా వెంట్రుక అన్నది లేదు. చర్మం మీద మిరియపు గింజలంత మచ్చలు నాలుగైదు ఉన్నాయి.

"చేతికేమైంది?"

"నూనె చిందింది."

"మీకు స్టవ్ ఏ వైపు తిప్పితే వెలుగుతుందో కూడా తెలీదు. మిమ్మల్ని వంటింట్లోకి రానిస్తే ఇల్లు తగలబెడతారని మామ్మ భయం. నూనె ఎక్కడ చిందింది?"

"అమ్మాయ్," అన్నాడు తాత. ఆయన గొంతులో కోపం లేదు, బతిమాలుకోవడం ఉంది. "నన్ను దొంగనని రాసుకోనీ. నీకు పుణ్యముంటుంది. ఇంక తవ్వకు."

యాభై ఏళ్లు తలెత్తుకుని బతికిన మనిషి దొంగనని రాసుకోమని బతిమాలుతున్నాడు. దీనికి మూలం తను రాసిన రెండు వాక్యాలు. భూతద్దానికి ఆయన ముఖంలోకి చూడ్డానికి ముఖం చెల్లలేదు. దిమ్మె ఉన్న సంచిని ఎస్సై దగ్గర మధ్యాహ్నం దాకా అరువు తీసుకుని, తోడుగా ఒక కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకుని బయటపడింది.

*

పదకొండున్నరకి పళ్ల డాక్టరు షెడ్డు తలుపు తీశాడు. లోపలికి అడుగుపెట్టకముందే అత్తరు వాసన గుప్పుమంది. భూతద్దం ఉసూరుమంది. ఆ వాసన వచ్చిందంటే సెంటు వచ్చాడన్నమాటే. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున పరిశోధనలు చేసే పెద్దమనిషి. ఇంతకుముందు మూడు కేసుల్లో ఆమె చేతిలో చిత్తుగా ఓడిపోయాడు. ఈ నాలుగోది గెలిచాడు, అదీ ఆమె రిపోర్టు పట్టుకుని. అందుకే ఆ రిపోర్టంటే ఆయనకి ప్రాణం.

"రండి మేడమ్. మన రిపోర్టు మీద మనకే అనుమానమట, ఎస్సై ఫోన్ చేసి చెప్పాడు," అన్నాడు సెంటు, 'మన' అన్నచోట కాస్త నొక్కి.

భూతద్దం చెప్పులు విడిచి నిచ్చెన మీదుగా పడవెక్కింది. ఎర్రచెక్క మీద వార్నిష్ మెరుస్తోంది. ముక్కు మీద దీపం ఉండాల్సిన చోట ముదురు రంగు మచ్చ ఒకటి ఉంది. ఏళ్ల తరబడి ఎండకి చుట్టూ ఉన్న చెక్క వెలిసింది, దిమ్మె కింద ఉన్నంత మేరా వెలవలేదు. పోయిన వస్తువు తన ఆకారాన్ని తానే అచ్చు గుద్ది పోయింది. దానికి నాలుగు మర కన్నాలు. కన్నాల అంచులు చెక్కుచెదరలేదు. తీసినవాడు పని తెలిసినవాడే, సరైన స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నాడు.

ఆమె సంచిలోంచి దిమ్మె తీసి మచ్చ మీద పెట్టింది. ముందు కొస సరిపోయింది. మొదటి మర కన్నం కూడా కుదిరింది. రెండోది కొంచెం జరిగినట్టుంది. నాలుగో కన్నం దగ్గరికి వచ్చేసరికి దిమ్మెలోంచి కనిపించాల్సిన కన్నం సగానికి సగం మూసుకుపోయింది. పక్కల, వెనక, సన్నటి గీతలా ముదురు చెక్క బయటికి కనిపిస్తోంది.

"దీని నీడకే ఇది సరిపోవట్లేదు," అంది ఆమె.

"చెక్క ఉబ్బి ఉంటుంది. వానలు పడ్డాయిగా," అన్నాడు సెంటు కిందనుంచి.

"చెక్క అడ్డంగా ఉబ్బుతుందండీ, నిలువునా ఉబ్బదు. ఈ పలకలు ముక్కు నుంచి వెనక్కి నిలువుగా వేసినవి. నేను చూస్తున్న తేడా నిలువులోనే ఉంది."

ఉక్కు స్కేలు తీసి మచ్చని కొలిచింది. సరిగ్గా పన్నెండు అంగుళాలు. దిమ్మెని కొలిచింది. నమ్మలేక మళ్లీ కొలిచింది. పన్నెండుకి నూలున్నర తక్కువ. వడ్రంగుల లెక్కలో అంగుళానికి ఎనిమిది నూళ్లు. నూలున్నర అంటే రెండు అగ్గిపుల్లలు పక్కపక్కన పెట్టినంత. పిల్లలెవరైనా కొలిచి చెప్పగలిగే తేడా. పన్నెండు రోజుల కిందట తను ఇక్కడికి వచ్చి, ఇదే స్కేలు తీసి ఉంటే సరిపోయేది.

"ఏంటట?" అన్నాడు డాక్టరు ఆత్రంగా.

"కరిగిన కంచు చల్లారితే కుంచించుకుపోతుంది డాక్టరుగారూ, అడుగుకి నూలున్నర. కంపెనీ వాళ్లకి ఆ సంగతి తెలుసు కాబట్టి అచ్చుని ఆ మేరకు పెద్దదిగా చేస్తారు. అప్పుడు వస్తువు సరైన కొలతకి దిగుతుంది. అలా కాకుండా ఎవరైనా పాత వస్తువునే ఇసుకలో నొక్కి, ఆ గుంటలో కంచు పోస్తే, అంకెతో సహా అంతా అచ్చుగుద్దినట్టు వస్తుంది, కానీ నూలున్నర తగ్గుతుంది. ఇది మీ దీపం కాదు. ఇలాంటి ఇంకో దీపాన్ని ఇసుకలో నొక్కి పోసిన నకలు."

"మరి నాదేదీ?"

"మీది తీసుకెళ్లినవాడు హాయిగా బయట తిరుగుతున్నాడు. మనం వేరే మనిషిని లోపల కూర్చోబెట్టాం."

సెంటు ముఖం మాడిపోయింది. డాక్టరుకి వినపడకుండా ఆమెని షెడ్డు గుమ్మం దాకా తీసుకెళ్లి గొంతు తగ్గించాడు.

"ఒక్క నిమిషం ఆలోచించండి మేడమ్. ముసలాయన తప్పు ఒప్పుకున్నాడు. జడ్జి ఆయన వయసు చూసి మందలించి వదిలేస్తాడు. మహా అయితే ఆరు నెలలు. మీ రిపోర్టు నిలబడుతుంది, నా కేసు నిలబడుతుంది."

"ఆయన దొంగ కాదండీ."

"నకిలీలు అమ్మే మనిషే కదా! మీరు వెళ్లి ఆ మాటంటే జడ్జి అడిగే మొదటి ప్రశ్న నన్ను చెప్పమంటారా? మూడేళ్లుగా ఆయన అమ్మినవాటికి అసలుదే అని సర్టిఫికెట్లు రాసిచ్చింది ఎవరు? మా ఫైల్లో లెక్క ఉంది. పదకొండు. కింద ఎవరి సంతకం ఉందో గుర్తుందా?"

గుర్తు లేకపోవడమేమిటి. శుక్రవారం శుక్రవారం ఆమె తాత కొట్టుకి వెళ్లేది. కబుర్లు చెప్పుకుంటూ, మామ్మ పంపిన టీ తాగుతూ, ఆయన ముందుకు తోసిన కాగితాల మీద సంతకాలు గీకేది. వస్తువు బల్ల మీదే ఉండేది, ఎత్తి చూసేది కాదు. తాత చెయ్యి పడ్డాక ఇంక చూసేదేముంది అనుకునేది.

ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, సెంటు చెప్పింది బాగానే ఉందనిపించింది. తాత ఎటూ ఒప్పుకుంటానంటున్నాడు. ఆయనే తవ్వవద్దన్నాడు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకి ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది. తప్పు రాసినప్పుడు కూడా ఇంత సిగ్గుపడలేదు. తప్పు తెలియక చేసింది. దీన్ని తెలిసి చేద్దామనుకుంది.

"మూడుసార్లు మీరు తప్పు, నేను రైటు. ఈసారి ఇద్దరం తప్పు. మీకిది ప్రమోషనే అనుకోండి," అంది.

"నవ్వుకోండి. రేపట్నుంచి మీ చేత పావలా వస్తువు కూడా ఎవడూ చూపించుకోడు." సెంటు గడియారం చూసుకున్నాడు. పన్నెండూ ఐదు. "నాకు వేరే పనుంది. నాలుగింటికి కోర్టులో చూద్దాం, మీకు నోరు పెగులుతుందో లేదో." అని విసురుగా వెళ్లిపోయాడు. వాసన మాత్రం ఇంకాసేపు ఉండిపోయింది.

*

ఒంటిగంటా పదికి మళ్లీ అదే గది. భూతద్దం దిమ్మెని, దాని పక్కన ఉక్కు స్కేలుని బల్ల మీద పెట్టింది. తాత స్కేలు వంక చూశాడు, ఆమె వంక చూశాడు, కళ్లు మూసుకున్నాడు.

"ఆదివారం పొద్దున మీరు కొట్లో లేరు, పోత పోస్తున్నారు. చేతి మీదవి నిప్పు మచ్చలు."

తాత కళ్లు తెరిచి స్కేలుని పక్కకి జరిపాడు.

"అసలువి దొరకడం మానేశాయమ్మాయ్. నా కొట్టుకి వచ్చినవాడు లేదనిపించుకుని వెళ్లడం నేనెన్నడూ ఎరగను. మొదటిది పోసినప్పుడు కొత్తదనే చెప్పి ఇద్దామనుకున్నాను, ఒట్టు. కొనేవాడు దాన్ని చేతిలోకి తీసుకుని, ఆహా, ఆ కాలం వాళ్ల పనితనమే వేరండీ అన్నాడు. ఇంక నాకు నోరు పెగల్లేదు. ఆ పొగడ్త తియ్యగా కూడా ఉంది. దాంతో రెండోది పోశాను."

"కొత్తదని చెప్పి అమ్మినా తప్పు లేదుగా తాతా. అదేం నేరం కాదు."

"నేరం కాదు, తెలుసు. కానీ దొంగసొత్తు కొన్నానంటే ముసలాడు కక్కుర్తిపడ్డాడంటారు, నాలుగు రోజులు చెప్పుకుని మర్చిపోతారు. నకిలీ అన్నారనుకో, యాభై ఏళ్లుగా నేను చెప్పిన ప్రతి మాటా అబద్ధమైపోతుంది. నిజంగా అసలువి అమ్మానే, అవి కూడా నకిలీలే అయిపోతాయి. నీకు నేర్పిన విద్య కూడా. అందుకే నీ రిపోర్టు చదివినప్పుడు, దేవుడే ఈ దారి చూపించాడనుకున్నాను. నా శిష్యురాలు తప్పు రాసిందని సంతోషించాను. అంతకంటే సిగ్గుమాలిన పని ఉంటుందా?" తాత చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

"మీరు నేర్పింది నకిలీ కాదు. నేర్చుకున్నదాన్ని నేను వాడలేదు," అంది ఆమె. ఆయనని ఓదార్చే అర్హత తనకి ఉందో లేదో తెలియక చెయ్యి చాచి మళ్లీ వెనక్కి తీసుకుంది. "నాలుగింటికి నేనే చెప్తాను. నా రిపోర్టు తప్పని, పదకొండు సర్టిఫికెట్లు తప్పని. మీతోపాటు నేనూ నిలబడతాను. ఇప్పుడు ఆ పదకొండూ ఏమేమిటో ఒక్కొక్కటీ చెప్పండి."

తాత చెప్పాడు. దీపాలు నాలుగు. తాళ్లు కట్టే కొమ్ములు ఐదు. తలుపు పిడి ఒకటి. ఆమె వేళ్లు మడుస్తోంది. పది దగ్గర ఆయన ఆగాడు.

"పదకొండోది?"

తాత స్కేలు అంచుని గోటితో గీకాడు.

"తాతా, ఇవన్నీ అలంకారాలు. విరిగితే ఎవరికీ ఏమీ కాదు. బరువు మోసేది ఏదైనా పోశారా?"

"స్టీరింగ్ చక్రం తిప్పితే కింద చుక్కానిని తిప్పేది ఉంటుంది చూడు, కంచు చెయ్యి. పోయిన నెల ఒకటి పోశాను. అది పోస్తున్నప్పుడు..." తాత పెదవులు తడుపుకున్నాడు. "కంచు చాల్లేదు. పాత ఇత్తడి కుళాయిలుంటే అవీ కరిగించి కలిపాను. నీళ్లలో దిగని పడవేనని, బొమ్మలా ఇంట్లో పెట్టుకుంటారని నాకు నేనే చెప్పుకున్నాను."

ఉప్పు నీళ్లలో ఇత్తడి ఎలా పుచ్చిపోతుందో ఆమెకి చెప్పింది కూడా ఈయనే. పైగా కుళాయి ముక్కలు కలిసిన పోత, బలంగా తిప్పితే కొత్తలోనే పుటుక్కుమనొచ్చు.

"ఎవరికి అమ్మారు?"

"ఇన్సూరెన్సాయన. అదే, వచ్చేముందే వాసనొస్తుందే, ఆయన. వాళ్ల నాన్నకి పాత పడవ ఉందట, తండ్రికి తెలీకుండా బాగుచేయించి ఇస్తానన్నాడు. నీ సంతకం చూసే కొన్నాడు."

ఇందాక పదకొండని లెక్క చెప్పిన మనిషికి అందులో తనదీ ఒకటని తట్టనే లేదన్నమాట. భూతద్దం అప్పటికే ఫోన్ తీసింది. సెంటు నంబరుకి ఆయన భార్య పలికింది. "ఫోన్ ఇంట్లోనే పెట్టి వెళ్లారండీ, నీళ్లలో పడుతుందని. మా మామగారి పుట్టినరోజు ఇవాళ. ఆయన పడవ కొత్తదానిలా చేయించారు. ఇద్దరూ కలిసి బయల్దేరారు. కోర్టు టైముకి వచ్చేస్తానన్నారే, ఏమైనా చెప్పాలా?"

చెప్పడానికి టైము లేదు. ఒంటిగంటా ఇరవై ఎనిమిది. రేవు ఆఫీసుకి ఫోన్ చేసి, తాతకి కూడా వినపడేలా స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది. ఆమె గొంతులోని కంగారు విని గుమ్మం దగ్గర కానిస్టేబుల్, వెనకే ఎస్సై వచ్చి నిలబడ్డారు.

"అవునండీ, తండ్రీకొడుకులు ఒంటిగంటకే వెళ్లారు," అన్నాడు రేవు గుమాస్తా. "వెనక్కి పిలవాలంటే లాంచీ పంపాలి మేడమ్. లాంచీ పంపాలంటే కారణం రాయాలి. మీరెవరు?"

"ఆ పడవ స్టీరింగుకి సర్టిఫికెట్ ఇచ్చిన డిటెక్టివ్‌ని."

"మీరే ఇచ్చి మీరే కాదంటే ఎలాగండీ?"

గదిలో అందరూ ఆమెనే చూస్తున్నారు. నాలుగింటిదాకా సిద్ధపడదామనుకున్న మాట ఇప్పుడే, ఇక్కడే చెప్పాల్సి వచ్చింది.

"వస్తువు చూడకుండా సంతకం పెట్టాను. అలాగే రాసుకోండి, ఒక్క అక్షరం మార్చకుండా."

"అంటే అది అసలుది కాదా?"

ఆమె నోరు తెరిచేలోపు తాత బల్ల మీదికి వంగాడు. ఫోన్‌ని రెండు చేతులా దగ్గరికి లాక్కున్నాడు. ఎస్సై వైపు గానీ కానిస్టేబుల్ వైపు గానీ చూడలేదు.

"కాదు నాయనా. నకిలీది. నేనే పోశాను. అందులో కుళాయి ఇత్తడి కలిపాను. త్వరగా పంపించు బాబూ, నీకు దణ్ణం పెడతాను."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరినో కేకేసిన చప్పుడు వినిపించాయి. లాంచీ తియ్యండ్రా అన్నారెవరో. తర్వాత గుమాస్తా మళ్లీ లైన్లోకి వచ్చాడు. ఈసారి ఆ గొంతులో వెనకటి నిదానం లేదు.

"బైనాక్యులర్స్‌లో కనిపిస్తున్నారు మేడమ్. నీళ్లలో ఎర్ర పీపా ఒకటి తేలుతుంటుంది, అక్కడ అందరూ ఎడమకి తిరగాలి. దాటితే అన్నీ రాళ్లు."

"తిరిగారా?"

"పెద్దాయన చక్రం తిప్పుతున్నాడు మేడమ్. తిప్పుతూనే ఉన్నాడు. పడవ తిరగట్లేదు."